ఈ మెమరీ ఎవరిది? పాత హోమ్ కంప్యూటర్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా కమొడోర్ కంపెనీ హోమ్ కంప్యూటర్ అమిగా మీదే వచ్చాయి. పాత మెషీన్లను అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాముల పుణ్యమా అని అసలు మెషీన్ చూడనివాళ్లు కూడా దానికి ప్రోగ్రాములు రాస్తున్నారు. మిగతావి పీసీల్లోని ఎమ్మెస్-డాస్, బ్రిటిష్ హోమ్ కంప్యూటర్ బీబీసీ మైక్రోల గురించి. హెక్సా (16 ఆధారంగా లెక్కించే పద్ధతి) అని రాసిన చోట, గురు నంబర్లలో, ఎమ్మెస్-డాస్ ఇంటరప్ట్, ఫంక్షన్ నంబర్లలో తప్ప మిగతా అంకెలన్నీ మామూలు లెక్కే.

ప్ర: అమిగా 500, వర్క్‌బెంచ్ 1.3 (అమిగా సిస్టమ్ సాఫ్ట్‌వేర్) మీద సి భాషలో రాస్తున్నాను. తెరమీద మెనూ నడుస్తుండగానే వెనకాల ఫైళ్లు కాపీ కావాలి. యాడ్‌టాస్క్‌తో (కొత్త టాస్క్ పుట్టించే కాల్) చేస్తే ఫైలు తెరిచే చోటే మెషీన్ పడిపోతోంది. క్రియేట్‌ప్రాక్‌తో (కొత్త ప్రాసెస్ పుట్టించే కాల్) చేస్తే కాపీ సవ్యంగానే అవుతోంది గానీ, ప్రోగ్రామ్ మూసేటప్పుడు అప్పుడప్పుడు గురు మెడిటేషన్ (అమిగా కూలినప్పుడు తెరమీద వచ్చే హెచ్చరిక) వస్తోంది. ఎందుకు?

జ: ఇవి రెండు వేరువేరు జబ్బులు.

అమిగాలో కింది అంతస్తు ఎగ్జెక్. కార్ల్ సాసెన్‌రాత్ రాసిన ఈ భాగానికి తెలిసింది టాస్క్ (వంతులవారీగా నడిచే పని) ఒక్కటే. పై అంతస్తు అమిగాడాస్ (అమిగా జవాబుల్లో డాస్ అంటే ఇదే). మెటాకామ్కో అనే బ్రిటిష్ సంస్థ దీన్ని ట్రైపోస్ అనే పాత సిస్టమ్ నుంచి తెచ్చి 1985లో అమర్చింది. ప్రాసెస్ అనేది దీని సరుకు. ప్రాసెస్ నిర్మాణంలో మొదటి 92 బైట్లు ఎగ్జెక్ టాస్కే. ఆ వెంటనే ఒక మెసేజ్ పోర్టు (కబుర్లు వచ్చి చేరే చోటు), దాని తర్వాత డాస్‌కు కావలసిన మిగతా వివరాలు ఉంటాయి. మీరు ఫైలు తెరవమన్నప్పుడు డాస్ లైబ్రరీ డిస్కు పని చూసే హ్యాండ్లర్‌కు ఒక ప్యాకెట్ (కబురు) పంపి, జవాబు కోసం ఆ పోర్టు దగ్గర కాచుకుంటుంది. యాడ్‌టాస్క్‌తో పుట్టిన ఉత్త టాస్క్‌కి 92 బైట్ల తర్వాత పోర్టు లేదు. అక్కడున్న ఎవరిదో డేటాను పోర్టు అనుకుని డాస్ దాన్ని వాడేస్తుంది. అందుకే డాస్ గడప తొక్కే పని ఏదైనా ప్రాసెస్‌కే అప్పగించాలి. డిస్కు మీదున్న లైబ్రరీని తెరవడం కూడా ఇందులోకే వస్తుంది. ఉత్త లెక్కలకు, టైమర్ పనులకు టాస్క్ చాలు.

ఇక రెండో జబ్బు. క్రియేట్‌ప్రాక్‌కు నాలుగు విలువలు ఇస్తారు: పేరు, ప్రాధాన్యం, సెగ్‌లిస్ట్ (లోడైన కోడ్ ముక్కల జాబితా), స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా వాడుకునే మెమరీ) పరిమాణం. కొత్త ప్రాసెస్ మీ ప్రోగ్రామ్‌లోని ఒక ఫంక్షన్‌నే నడుపుతోందని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. అంటే దాని కోడ్ మీ ప్రోగ్రామ్ లోడైన మెమరీలోనే ఉంది. మీ ప్రధాన భాగం "కాపీ అయింది" అన్న కబురు అందగానే ముగిసిపోతుంది. సీఎల్ఐ (టైప్ చేసిన కమాండ్లను నడిపే భాగం) వెంటనే ఆ కోడ్‌ను మెమరీలోంచి తీసేస్తుంది. కొత్త ప్రాసెస్‌కు ఇంకా చివరి నాలుగైదు ఆదేశాలు మిగిలే ఉన్నాయి. కూర్చున్న కొమ్మను ఇంకొకరు నరికేసినట్టే! ఆ ఖాళీ అయిన చోటును ఎవరూ తీసుకోకపోతే పాత ఆదేశాలు అలాగే ఉంటాయి కాబట్టి గండం గడుస్తుంది. ఎవరైనా తీసుకుని రాశారో, గురు ప్రత్యక్షం. అందుకే అప్పుడప్పుడు మాత్రమే వస్తోంది.

మందు చిన్నదే. కొత్త ప్రాసెస్ చివర్లో ముందు ఫర్బిడ్ పిలవాలి, తర్వాత ప్రధాన భాగానికి సిగ్నల్ ఇవ్వాలి లేదా రిప్లైమెసేజ్ చేయాలి, ఆ వెంటనే ఫంక్షన్ నుంచి బయటికి రావాలి. ఫర్బిడ్‌ను ఎత్తేసే పర్మిట్ పిలవకూడదు. ఫర్బిడ్ ఉన్నంతసేపు ఇంకో టాస్క్‌కు వంతు రాదు. కబురు అందినా ప్రధాన భాగం కదలలేదు. ప్రాసెస్ పూర్తిగా కన్నుమూశాకే వంతు మారుతుంది. ఫర్బిడ్ లెక్క ఏ టాస్క్‌ది ఆ టాస్క్‌కే కాబట్టి చనిపోయినవాడితో పాటే ఆ తాళమూ పోతుంది. ఒక్క జాగ్రత్త: ఫర్బిడ్‌కీ ముగింపుకీ మధ్య వెయిట్‌కు (కబురు కోసం కాచుకోవడం) దారితీసే ఏ కాలూ ఉండకూడదు. ఫైలు మూయడం కూడా అలాంటిదే. వెయిట్ రాగానే ఫర్బిడ్ సడలిపోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. మూయాల్సినవన్నీ ముందే మూసేయండి. వర్క్‌బెంచ్ నుంచి మొదలైన ప్రోగ్రాములు తమ స్టార్టప్ మెసేజ్‌ను తిప్పి పంపేది కూడా ఈ పద్ధతిలోనే.

సిగ్నల్ బిట్‌ను ప్రధాన భాగమే అలాక్‌సిగ్నల్‌తో తీసుకోవాలి. బిట్ ఎవరు తీసుకుంటే వాళ్లదే. కొత్త ప్రాసెస్ తీసుకున్న బిట్‌తో ప్రధాన భాగాన్ని లేపాలని చూస్తే అది వేరే పనికి వాడుకుంటున్న బిట్ మోగుతుంది.

ఇదే దారిలో ఇంకో నాలుగు గుంతలున్నాయి. మీరు అడగలేదు గానీ, ఎలాగూ పడతారు.

సెగ్‌లిస్ట్ మామూలు అడ్రస్ కాదు, నాలుగుతో భాగించిన అడ్రస్. డాస్ మొదట బీసీపీఎల్ భాషలో పుట్టిన ఫలితం ఇది. ప్రోగ్రామ్ ఫైలును లోడ్ చేసే లోడ్‌సెగ్ ఇచ్చింది ఉన్నదున్నట్టు అందించవచ్చు. సొంత ఫంక్షన్‌కు దొంగ సెగ్‌లిస్ట్ తయారుచేస్తుంటే మాత్రం నాలుగు బైట్ల హద్దు మీద మొదలయ్యే చోట ముందు ఒక 32 బిట్ల సున్నా (తర్వాతి సెగ్మెంట్ లేదని), దాని వెంటనే జంప్ ఆదేశం (హెక్సా 4ఈఎఫ్9), ఆపైన ఫంక్షన్ అడ్రస్ పెట్టాలి. ఆ సున్నా ఉన్న అడ్రస్‌ను నాలుగుతో భాగించి ఇవ్వాలి. మెమరీ అడిగి తీసుకునే అలాక్‌మెమ్ ఎప్పుడూ 8 బైట్ల హద్దు మీదే ఇస్తుంది కాబట్టి దీనికి దాన్నే వాడటం మేలు.

స్టాక్ లెక్క బైట్లలో. డాస్ కాల్ ఒక్కటే 1500 బైట్ల దాకా తినగలదు. సీఎల్ఐ అలవాటుగా ఇచ్చేది 4000. ఫంక్షన్ లోపల వెయ్యి బైట్ల శ్రేణి ప్రకటించుకుంటే అది కూడా అక్కడి నుంచే పోతుంది. పొంగితే ఆపేవాడు లేడు, కింద ఉన్నదాని మీదికి పారుతుంది. 8000 ఇచ్చి నిశ్చింతగా ఉండండి.

క్రియేట్‌ప్రాక్‌తో పుట్టిన ప్రాసెస్‌కు ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ సున్నాలే. అందులో ప్రింట్ఎఫ్ పిలవకండి. ఏదైనా చూపాలంటే సొంతంగా కాన్ విండో (అక్షరాలు చూపే విండో) తెరుచుకోవాలి.

చివరిది, అందరినీ బురిడీ కొట్టించేది ప్రాసెసర్ లోపలి ఏ4 రిజిస్టర్. చిన్న డేటా పద్ధతిలో కంపైల్ చేస్తే గ్లోబల్ వేరియబుల్స్ అన్నిటినీ కోడ్ ఏ4 ఆధారంగానే వెతుకుతుంది. కొత్త ప్రాసెస్‌లో ఏ4లో ఏముంటుందో దేవుడికే తెలియాలి. లాటిస్, శాస్ కంపైలర్లలో ఫంక్షన్ ముందు సేవ్‌డీఎస్ గుర్తు పెట్టాలి. మాంక్స్ కంపైలర్‌లో మొదటి వరుసలోనే గెట్ఏ4 పిలవాలి.

ప్ర: నేను గీసిన బొమ్మ 512 కేబీ అమిగాలో చక్కగా వస్తోంది. మిత్రుడి మెషీన్‌లో ఇంకో 512 కేబీ అదనంగా ఉంది. అక్కడ బొమ్మ స్థానంలో చుక్కల చెత్త వస్తోంది. మెమరీ ఎక్కువైతే ప్రోగ్రామ్ చెడడమేమిటి?

జ: బొమ్మ తెరకెక్కించేదీ, శబ్దం వినిపించేదీ ప్రాసెసర్ కాదు, ఆగ్నస్, డెనిస్, పౌలా అనే ప్రత్యేక చిప్‌లు. వాటికి చేయి అందేది చిప్ ర్యామ్ వరకే. తొలి ఆగ్నస్‌తో అది 512 కేబీ. మీ మెషీన్‌లో ఉన్నదంతా చిప్ ర్యామే కాబట్టి బొమ్మ ఎక్కడ లోడైనా ఫరవాలేదు. మిత్రుడి మెషీన్‌లో ప్రత్యేకంగా అడగనివన్నీ ముందు అదనపు మెమరీలోకి పోతాయి. ఏ501 బోర్డుతో వచ్చే ఆ 512 కేబీ వేగంలో చిప్ ర్యామ్ కన్నా మెరుగేమీ కాదు, పైగా చిప్‌లకు కనపడదు. అయినా సిస్టమ్ దాన్ని ఫాస్ట్ అనే లెక్కేస్తుంది!

రోగ నిర్ధారణకు వర్క్‌బెంచ్ 1.3 డిస్కులో సిస్టమ్ సొరుగులోని నోఫాస్ట్‌మెమ్ నడిపి, మీ ప్రోగ్రామ్ మళ్లీ చూడండి. బొమ్మ బాగుపడితే కారణం ఇదే.

బొమ్మ డేటా, స్ప్రైట్లు (తెరమీద కదిలే చిన్న బొమ్మలు), కాపర్ లిస్టు (తెర గీయడానికి చిప్‌లకిచ్చే ఆదేశాలు), శబ్దం నమూనాలు చిప్ ర్యామ్‌లో ఉండి తీరాలి. ఇంట్యూషన్‌కు (విండోలు, మెనూలు చూసే భాగం) ఇచ్చే ఇమేజ్ నిర్మాణం ఎక్కడున్నా సరే, అది చూపించే డేటా మాత్రం చిప్‌లో ఉండాలి. శాస్, లాటిస్ కంపైలర్లలో ఆ శ్రేణికి చిప్ అన్న గుర్తు తగిలిస్తే, ప్రోగ్రామ్ ఫైలులో ఆ హంక్ (ముక్క) పరిమాణం ఉన్న 32 బిట్ల మాటలో 30వ బిట్ వెలుగుతుంది, లోడర్ దాన్ని సరైన చోట దించుతుంది. కంపైలర్‌లో ఆ సౌకర్యం లేకపోతే నడిచేటప్పుడే మెమ్ఎఫ్_చిప్ (చిప్ ర్యామే కావాలన్న గుర్తు) అడిగి తీసుకున్న చోటికి బొమ్మను కాపీ చేయండి.

దీనికి భయపడి అన్నిటికీ చిప్ అడగకండి, ఉన్న కాస్తా అయిపోతుంది. అంతకన్నా తప్పు మెమ్ఎఫ్_ఫాస్ట్ అని పట్టుబట్టడం. అలా రాసిన ప్రోగ్రామ్ 512 కేబీ మెషీన్‌లో అసలు లేవదు. ఏదీ చెప్పకపోతే ఫాస్ట్ ఉంటే ఫాస్ట్, లేకపోతే చిప్, దానంతటదే దొరుకుతుంది.

ప్ర: గురు మెడిటేషన్ 81000005, 81000009 అంటే ఏమిటి? నా ప్రోగ్రామ్ మూసేశాక, వేరే ప్రోగ్రామ్ నడుస్తుండగా వస్తున్నాయి.

జ: మొదటి అంకె 8 ఉంటే ఇక కోలుకోలేదని అర్థం. 81000005 అంటే ఖాళీ మెమరీ జాబితా చెడిపోయింది. 81000009 అంటే అప్పటికే ఖాళీగా ఉన్న చోటును మళ్లీ ఖాళీ చేయబోయారు. చుక్క తర్వాత వచ్చే రెండో సంఖ్య ఆ క్షణాన నడుస్తున్న టాస్క్ అడ్రస్. నేరం చేసింది అదే అనుకోవద్దు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది ఈ హెచ్చరిక.

ఎందుకంటే ఖాళీ ముక్కల జాబితాను ఎగ్జెక్ వేరే పుస్తకంలో రాసుకోదు. ప్రతి ఖాళీ ముక్క మొదటి 8 బైట్లలోనే తర్వాతి ముక్క అడ్రస్ 4 బైట్లు, తన పరిమాణం 4 బైట్లు ఉంటాయి. మీ శ్రేణి హద్దు దాటి నాలుగు అక్షరాలు రాశారంటే పక్కనున్న ఖాళీ ముక్క గొలుసు తెగుతుంది. ఆ సంగతి ఇంకెవరో అలాక్‌మెమో, మెమరీ తిరిగి ఇచ్చే ఫ్రీమెమో పిలిచినప్పుడు బయటపడుతుంది.

రెండోదానికి ఎక్కువగా కారణం పరిమాణం తప్పడం. ఫ్రీమెమ్‌కు అడ్రస్‌తో పాటు ఎన్ని బైట్లో మీరే చెప్పాలి, ఎగ్జెక్ గుర్తుపెట్టుకోదు. 100 బైట్లు అడిగితే 8 గుణిజానికి పెంచి 104 ఇస్తుంది. తిరిగి ఇచ్చేటప్పుడు 100 అన్నా 104 అన్నా ఒకటే. 96 అంటే 8 బైట్లు మెషీన్ ఆపేదాకా ఎవరికీ కాకుండా పోతాయి. 112 అంటే పక్కవాడి 8 బైట్లు మీరు దానం చేసినట్టు. ఆ 8 బైట్లు అప్పటికే ఖాళీవైతే వెంటనే 81000009. పక్కవాడు వాడుతున్నవైతే ఇంకా ప్రమాదం: అప్పటికి ఏ హెచ్చరికా రాదు.

వర్క్‌బెంచ్ 2.0 వచ్చాక అలాక్‌వెక్ అనే కాల్ పరిమాణాన్ని ముందున్న 4 బైట్లలో దాచుకుని ఈ బాధ తప్పించింది. 1.3లో అదే పని మీరు చేసుకోవచ్చు: 8 బైట్లు ఎక్కువ అడిగి, మొదటి మాటలో మొత్తం పరిమాణం రాసి, 8 బైట్ల అవతలి అడ్రస్ వాడుకోండి. తప్పు వెతికేటప్పుడు మంగ్‌వాల్ అనే ప్రోగ్రామ్ నడిపి పెట్టుకుంటే ప్రతి ముక్క చుట్టూ గోడ కట్టి, తిరిగి ఇచ్చే సమయంలో గోడ చెక్కుచెదిరిందేమో చూసి చెబుతుంది.

ఇంకో మాట. ఈ సిస్టమ్‌లో ప్రోగ్రామ్ ముగియగానే అది తీసుకున్న మెమరీ తనంతట వెనక్కి రాదు. అలాక్‌మెమ్‌తో ఏది ఎవరు తీసుకున్నారో రాసిపెట్టేవాళ్లే లేరు. తెరిచిన ఫైళ్లదీ, విండోలదీ అదే తంతు.

ప్ర: అమిగాలో అవైల్ కమాండ్ 300 కేబీ ఖాళీ ఉందంటోంది. 100 కేబీ అడిగితే సున్నా వస్తోంది.

జ: చివరి నిలువు వరుసలో లార్జెస్ట్ కింద అంకె చూడండి, 100 కేబీ కన్నా తక్కువే ఉంటుంది. ఖాళీ ఉంది, కానీ ముక్కలుగా ఉంది. ప్రోగ్రాములన్నీ అసలు అడ్రస్‌లనే పట్టుకుని ఉంటాయి కాబట్టి ముక్కలను జరిపి కలపడం ఎవరివల్లా కాదు.

ప్రోగ్రామ్ మొదలవగానే పెద్ద ముక్క తీసేసుకోండి. చివరిదాకా ఉండేవి ముందు, వచ్చిపోయేవి తర్వాత. మూసేసిన లైబ్రరీలు, ఫాంట్లు కూడా మెమరీలోనే తిష్ఠ వేసుక్కూర్చుంటాయి, కొరత వచ్చినప్పుడే లేస్తాయి. కాబట్టి ఇవ్వలేనంత పెద్ద పరిమాణం ఒకసారి కావాలని అడిగి, అది విఫలమయ్యాక మీ 100 కేబీ అడగండి. మోటు పద్ధతే గానీ పనిచేస్తుంది. 2.0 తరం నుంచి అవైల్ ఫ్లష్ అని కొడితే చాలు.

1984 మెకింతోష్‌లో ఉన్నది 128 కేబీ. అందుకే ఆపిల్ వాళ్లు ఇంకో దారి పట్టారు: ప్రోగ్రామ్‌కు అడ్రస్ ఇవ్వకుండా, అడ్రస్ రాసిపెట్టిన చోటును ఇచ్చారు. దాన్ని హ్యాండిల్ అంటారు. సిస్టమ్ ముక్కను జరిపి ఆ ఒక్కచోట అడ్రస్ దిద్దుకుంటుంది. మెమరీ వృథా తగ్గింది, కొత్త తప్పు పుట్టింది: హ్యాండిల్‌లోంచి తీసుకున్న అడ్రస్‌ను చేతిలో ఉంచుకుని, మెమరీని కదిపే కాల్ ఏదైనా పిలిచి, మళ్లీ పాత అడ్రస్‌కే రాయడం. అక్కడ హెచ్‌లాక్ వేయాలి, పని కాగానే తీయాలి. తీయడం మరిస్తే తాళం పడ్డ ముక్క నడిమధ్య రాయిలా కూర్చుని, మీరు చెప్పిన ఇబ్బందే మెకింతోష్‌లోనూ తెస్తుంది.

ప్ర: ఎమ్మెస్-డాస్‌లో కామ్ ఫైలుగా చిన్న మెనూ ప్రోగ్రామ్ అసెంబ్లీలో రాశాను. అందులోంచి ఇంకో ప్రోగ్రామ్‌ను ఇంటరప్ట్ 21, ఫంక్షన్ 4బి (హెక్సా)తో పిలిస్తే ఎర్రర్ 8 వస్తోంది. 640 కేబీలో నా ప్రోగ్రామ్ 6 కేబీ మాత్రమే!

జ: ప్రోగ్రామ్ 6 కేబీయే, కానీ దాని పేరున రాసి ఉన్నది మొత్తం ఆస్తి. కామ్ ఫైలును లోడ్ చేసేటప్పుడు డాస్ దొరికిన అతిపెద్ద ముక్కను పూర్తిగా దానికే ఇచ్చేస్తుంది. పిల్ల ప్రోగ్రామ్‌కు జాగా మిగల్లేదు, ఎర్రర్ 8 చెప్పేది అదే. ఎగ్జ్ ఫైళ్లలో కూడా హెడర్‌లోని గరిష్ఠ కేటాయింపును లింకర్ మామూలుగా ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ (హెక్సా) పెడుతుంది కాబట్టి ఫలితం ఒకటే.

ముందు స్టాక్‌ను కిందికి దించండి. ఇది మరచిపోయేవాళ్లే ఎక్కువ. కామ్ మొదలైనప్పుడు స్టాక్ 64 కేబీ సెగ్మెంట్ కొసన ఉంటుంది. మెమరీ తగ్గించాక ఆ కొస మీది కాదు, పిల్ల ప్రోగ్రామ్ సరిగ్గా అక్కడే దిగవచ్చు. స్టాక్‌కు 1024 బైట్లు అనుకుంటే లెక్క ఇది: ముందుండే పీఎస్‌పీ (ప్రతి ప్రోగ్రామ్ ముందు డాస్ పెట్టే వివరాల భాగం) 256, కోడ్ 6144, స్టాక్ 1024, మొత్తం 7424. 16 బైట్లు ఒక పేరాగ్రాఫ్ కాబట్టి 464 పేరాగ్రాఫులు. స్టాక్ కొసను చూపే ఎస్‌పీ రిజిస్టర్‌ను 7424కు మార్చి, ఈఎస్ రిజిస్టర్‌లో పీఎస్‌పీ సెగ్మెంట్, బీఎక్స్‌లో 464 పెట్టి ఫంక్షన్ 4ఏ పిలవండి. భాగహారంలో శేషం మిగిలితే ఒకటి కలపాలి, వదిలేయకూడదు.

ఆ తర్వాత 14 బైట్ల పారామీటర్ బ్లాకు. మొదటి మాట ఎన్విరాన్‌మెంట్ (పాత్, కామ్‌స్పెక్ లాంటి అమరికల జాబితా) సెగ్మెంట్, సున్నా పెడితే మీదే నకలు తీసి ఇస్తుంది. తర్వాత కమాండ్ వరుస అడ్రస్, రెండు పాత ఎఫ్‌సీబీల (ఫైలు వివరాల బ్లాకులు) అడ్రస్‌లు. కమాండ్ వరుసలో మొదటి బైటు పొడవు, చివర క్యారేజ్ రిటర్న్ (13). ఆ 13ను పొడవులో లెక్కించకూడదు.

పిలిచే ముందు ఎస్ఎస్, ఎస్‌పీలను కోడ్ సెగ్మెంట్‌లోనే ఒక చోట దాచండి. డాస్ 2 తిరిగి వచ్చేసరికి సీఎస్, ఐపీ రిజిస్టర్లు తప్ప అన్నీ చెరిపేస్తుంది. దాచకపోయినా డాస్ 3లో పనిచేసిందని వదిలేస్తే డాస్ 2 ఉన్నచోట కూలుతుంది. పిల్ల ఇచ్చిన ముగింపు కోడ్ ఫంక్షన్ 4డితో ఒక్కసారే చదవగలరు, రెండోసారి అడిగితే సున్నా.

డిర్, కాపీ లాంటివి విడి ఫైళ్లు కావు, కమాండ్.కామ్ కడుపులో ఉంటాయి. వాటికీ బ్యాచ్ ఫైళ్లకూ కామ్‌స్పెక్‌లో ఉన్న దారి చూసి కమాండ్.కామ్‌నే పిలిచి, వరుసలో /సి తర్వాత ఆ కమాండ్ రాయండి.

ఎర్రర్ 8 బదులు 7 వస్తే అది వేరే సంగతి. ప్రతి ముక్క ముందు 16 బైట్ల తలకట్టు ఉంటుంది. మొదటి బైటు ఎమ్ అక్షరం, ఆఖరి ముక్కకైతే జెడ్. ఆ తర్వాత యజమాని పీఎస్‌పీ, పరిమాణం. ఎవరో హద్దు దాటి రాసి ఆ అక్షరాన్ని చెరిపేశారన్నమాట.

ప్ర: మెమరీలో ఉండిపోయే ప్రోగ్రామ్ (టిఎస్ఆర్) ఇంకా చిన్నది చేయడమెలా?

జ: ఫంక్షన్ 31తో నిలిచిపోయే ముందు పీఎస్‌పీలో 2సి (హెక్సా) స్థానంలో ఉన్న ఎన్విరాన్‌మెంట్ సెగ్మెంట్‌ను ఈఎస్‌లో వేసి ఫంక్షన్ 49తో విడిచిపెట్టండి. ఎక్కువమంది దాన్ని ఊరికే మోస్తుంటారు. ఒక్కసారి మాత్రమే నడిచే అమరిక కోడ్‌ను ఫైలు చివర పెట్టి, డీఎక్స్‌లో దాని ముందువరకే పేరాగ్రాఫులు లెక్కించి ఇవ్వండి. పీఎస్‌పీ 16 పేరాగ్రాఫులనూ కలపడం మరవొద్దు.

ప్ర: బీబీసీ మైక్రో మోడల్ బిలో డిస్కు డ్రైవు పెట్టగానే మోడ్ 0 (ఒక తెర పద్ధతి) వాడే ప్రోగ్రామ్ "నో రూమ్" అంటోంది. టేపుతో నడిచేది.

జ: 1984లో మన బడుల్లో కంప్యూటర్ పాఠాల కోసం మొదలైన క్లాస్ ప్రాజెక్టుకు వచ్చినవి ఈ మెషీన్లే, కాబట్టి ఈ ఇబ్బంది కొందరికి పాత చుట్టమే. టేపు ఉన్నప్పుడు బేసిక్ ప్రోగ్రామ్ 3584వ బైటు దగ్గర మొదలవుతుంది. డిస్కు ఫైలింగ్ సిస్టమ్ తన పనికోసం దాన్ని 6400కు జరుపుతుంది. మోడ్ 0 తెర 20 కేబీ తిని 12288 దగ్గర మొదలవుతుంది. మధ్యలో మిగిలేది 5888 బైట్లు, టేపుతోనైతే 8704. ప్రోగ్రామ్, వేరియబుల్స్, స్టాక్ అన్నీ అందులోనే సర్దుకోవాలి.

డిస్కు నుంచి లోడ్ చేశాక *టేప్ కొట్టి, పేజ్ (ప్రోగ్రామ్ మొదలు) నుంచి టాప్ (ప్రోగ్రామ్ చివర) వరకు నాలుగేసి బైట్లుగా 3584కు నకలు చేసి, పేజ్‌ను 3584కు మార్చి ఎండ్ అనండి. 2816 బైట్లు తిరిగొస్తాయి. ఆ తర్వాత డిస్కును ముట్టుకుంటే అది తన పాత చోటులో రాసుకుని ప్రోగ్రామ్‌ను చెరిపేస్తుంది. నడుస్తూ డిస్కు నుంచి డేటా చదివే ప్రోగ్రామ్‌కు ఈ కిటుకు పనికిరాదు. దాన్ని రెండు ముక్కలు చేసి చైన్‌తో (ఇంకో ప్రోగ్రామ్‌ను లోడ్ చేసి నడిపే ఆదేశం) ఒకదాని తర్వాత ఒకటి నడపండి. చైన్ పాతదాన్ని పూర్తిగా తుడిచేస్తుంది గానీ ఏ% నుంచి జెడ్% వరకు ఉన్న 26 పూర్ణాంక వేరియబుల్స్ అలాగే ఉంటాయి, కబుర్లు వాటిలో పంపుకోవచ్చు. మోడ్ మార్చే ఆదేశాన్ని మాత్రం ప్రొసీజర్ లోపల పెట్టకండి. స్టాక్ వాడుకలో ఉండగా తెర హద్దు జరపడం కుదరక "బ్యాడ్ మోడ్" అంటుంది.